ఇంటి బీమా: అవసరానికి ఆదుకునే పాలసీని ఎంచుకోవడం ఎలా?

మన హాస్టల్‌లో చదివి ఉద్యోగాల్లో చేరినవారిలో ఎక్కువమంది మొదట తలపెట్టే పని ఊళ్లో ఇల్లు కట్టడం. తన పెళ్లి కంటే ముందు, బండి కంటే ముందు, అమ్మానాన్నలకు ఒక స్లాబు ఇల్లు. ఆ ఇంటి వెనుక పదిహేనేళ్ల జీతం, బ్యాంకు అప్పు, అమ్మ తాకట్టు పెట్టిన పుస్తెలతాడు ఉంటాయి. మనలాంటి కుటుంబాలకు తరతరాలుగా మిగిలిన ఒకే ఒక ఆస్తి అది. దానికి బీమా ఉందా అని అడిగితే "ఎల్‌ఐసీ కడుతున్నాం కదా" అనే సమాధానం వస్తుంది. ఎల్‌ఐసీ మనిషి ప్రాణానికి బీమా చేస్తుంది, ఇంటికి చేయదు. ఇంటికి చేసేవి సాధారణ బీమా కంపెనీలు. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు ప్రభుత్వ రంగ కంపెనీలు, వాటితోపాటు అనేక ప్రైవేటు కంపెనీలు ఈ పని చేస్తున్నాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసింది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు, మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. విజయవాడలో గ్రౌండ్ ఫ్లోరు మునిగిన కుటుంబానికి ప్రభుత్వం 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేలు సాయం ప్రకటించింది. ఆపదలో ఆ డబ్బు గొప్ప ఆసరానే. కానీ ఫ్రిజ్, మంచాలు, బీరువా, వైరింగు, తలుపులు అన్నీ పోయిన ఇంటిని నిలబెట్టడానికి అది చాలదు. సాయం వేరు, నష్టపరిహారం వేరు. రెండోది కావాలంటే ముందే పాలసీ ఉండాలి.

పాలసీ ఉన్నవారి నుంచి వినపడే మాట మరొకటి. "కట్టించుకునేటప్పుడు నవ్వుతారు, ఇచ్చేటప్పుడు కొర్రీలు పెడతారు" అని. ఆ మాటలో నిజం ఉంది. అయితే మేము పూర్వ విద్యార్థులం కొందరం కలిసి పాలసీ కాగితాలు ముందేసుకుని చదివాక మాకు ఒకటి అర్థమైంది. ఆ కొర్రీలలో చాలావరకు నష్టం జరిగిన రోజున పుట్టవు. దరఖాస్తు మీద సంతకం పెట్టిన రోజునే పుడతాయి. కాబట్టి క్లెయిమ్ గురించి ఆలోచించవలసింది పాలసీ కొనే రోజునే. ఈ వ్యాసం ఆ ఉద్దేశంతో రాస్తున్నాం.

అన్ని కంపెనీల్లో దొరికే ఒకే పాలసీ

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి "భారత్ గృహ రక్ష" అనే పాలసీని ప్రవేశపెట్టింది. అగ్ని బీమా వ్యాపారం చేసే ప్రతి సాధారణ బీమా కంపెనీ దీన్ని అమ్మాలి. మూల షరతులు ఏ కంపెనీలోనైనా ఒకటే. ఇది మనకు పెద్ద మేలు. 

అగ్నిప్రమాదం, పిడుగు, పేలుడు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడటం, చెట్టు కూలడం, వాహనం గుద్దడం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగిలి పారడం, ఇవన్నీ ఇందులో వస్తాయి. ఇంటి కట్టడానికి బీమా చేస్తే ఇంట్లోని సామానుకు కూడా కట్టడం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు దానంతటదే రక్షణ ఉంటుంది. ఒకేసారి 10 సంవత్సరాల వరకు తీసుకోవచ్చు. అలా ఎక్కువ కాలానికి తీసుకుంటే కట్టడం బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతూ వస్తుంది. సిమెంటు, ఇనుము ధరలు ఎలా పెరుగుతున్నాయో తెలిసినవారికి దీని విలువ చెప్పనక్కరలేదు.

ఇక బీమా మొత్తం ఎంత పెట్టాలి? ఇక్కడే చాలామంది తడబడతారు. స్థలం ధర ఇందులోకి రాదు. వరద వచ్చినా, నిప్పు అంటుకున్నా స్థలం ఎక్కడికీ పోదు. ఇంటిని మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. ఇంటి లోపలి విస్తీర్ణాన్ని, అంటే కార్పెట్ ఏరియాను, ఆ ప్రాంతంలో నేటి నిర్మాణ ఖర్చుతో గుణించాలి. ఉదాహరణకు 700 చదరపు అడుగుల ఇల్లు, మేస్త్రి కూలీ, ఇసుక, సిమెంటు, ఇనుము కలిపి అడుగుకు 1,800 రూపాయలు అవుతుందనుకుందాం. 12 లక్షల 60 వేలు. సామానుకు అందులో 20 శాతం, అంటే 2 లక్షల 52 వేలు దానంతటదే వస్తుంది. అంతకంటే ఎక్కువ విలువైన సామాను ఉంటే జాబితా ఇచ్చి మొత్తం పెంచుకోవాలి.

ప్రీమియం తగ్గుతుందని 12 లక్షల 60 వేల ఇంటికి సగమే, అంటే 6 లక్షల 30 వేలకే బీమా చేశారనుకోండి. పాత తరహా పాలసీల్లో 2 లక్షల నష్టం జరిగితే "మీరు సగానికే చేశారు కాబట్టి నష్టంలో సగమే" అని లక్ష రూపాయలు చేతిలో పెట్టేవారు. బీమా భాషలో దీన్ని యావరేజి క్లాజు అంటారు. పాలసీదారులకు కోపం తెప్పించిన షరతుల్లో ఇది మొదటిది. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు, ఆ 2 లక్షలూ వస్తాయి. కానీ ఇల్లంతా కూలితే మాత్రం 6 లక్షల 30 వేలకు మించి రాదు. కోత లేదు కదా అని తక్కువ రాయడం అందుకే తెలివైన పని కాదు. ఇతర పేర్లతో అమ్మే పాలసీ కొంటున్నట్లయితే యావరేజి క్లాజు ఉందా లేదా అని ముందుగా అడగండి.

రానివి ఏవి?

పాలసీలో మొదటి పేజీ అందరూ చూస్తారు. మినహాయింపుల పేజీ చూసేవారు తక్కువ. మేము అయితే దాన్నే ముందు చదవమంటాం.

మామూలు దొంగతనం భారత్ గృహ రక్ష మూల పాలసీలో లేదు. వరదో, అగ్నిప్రమాదమో జరిగిన 7 రోజుల్లోపు, దాని కారణంగానే దొంగతనం జరిగితేనే వస్తుంది. తాళం పగులగొట్టి దోచుకుపోతే పరిహారం కావాలంటే దొంగతనం బీమా విడిగా తీసుకోవాలి. బంగారానికి విడిగా చెప్పి రక్షణ తీసుకోవాలి. ఇంట్లో దాచిన నగదు, వాహనాలు ఇంటి సామానుగా లెక్కకు రావు. షార్ట్ సర్క్యూట్ అయి కాలిపోయిన మోటారుకు గాని టీవీకి గాని రాదు. దాని నుంచి మంటలు లేచి మిగతా ఇల్లు తగలబడితే ఆ నష్టానికి వస్తుంది.

మన ప్రాంతాలకు సంబంధించి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. నేల కుంగడం వల్ల జరిగే నష్టం పాలసీలో ఉంది, కానీ సముద్రపు కోత, నదీ కోత వల్ల జరిగితే లేదు. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో ఏళ్ల తరబడి ఇళ్లు సముద్రంలో కలిసిపోతున్నాయి, గోదావరి లంకల్లో గట్టు కోసుకుపోతోంది. అక్కడి మిత్రులు ఈ షరతు చూడకుండా పాలసీ కొంటే, ఏ ప్రమాదానికి భయపడి కొన్నారో దానికే డబ్బు రాదు. తుపాను గాలికి పైకప్పు పోతే వస్తుంది, తీరం తినేస్తే రాదు. ఇది న్యాయమా అంటే మా దృష్టిలో కాదు. అక్కడి పేదవాడికి అసలు ప్రమాదం అదే. కానీ షరతు అలా ఉన్నంతకాలం అక్కడివారు బీమాను నమ్ముకుని కూర్చోకుండా పునరావాసం కోసం ప్రభుత్వాన్ని అడగవలసిందే. రెండోది నల్లరేగడి నేలల్లో గోడలకు వచ్చే నెర్రెలు. కొత్త కట్టడం కుదురుకోవడం వల్ల, నాసిరకం పని వల్ల వచ్చే బీటలు ప్రమాదం కింద లెక్కకు రావు. ఆ సంగతి మేస్త్రితో తేల్చుకోవాలి.

దరఖాస్తులో నిజం రాయాలి

హాస్టల్‌లో చేరిన రోజున ట్రంకు పెట్టెలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసి మూత లోపల అతికించిన సంగతి గుర్తుందా? రెండు జతల బట్టలు, కంచం, గ్లాసు, దుప్పటి. ఏదైనా పోతే వార్డెన్ సారు ముందు ఆ కాగితమే మన సాక్ష్యం. బీమా దరఖాస్తు కూడా అలాంటి కాగితమే. ఏజెంటు "సంతకం పెట్టండి, మిగతాది నేను నింపుకుంటాను" అంటే ఒప్పుకోవద్దు. తప్పు అతను రాసినా కింద సంతకం మనది.

ఇల్లు ఎవరి పేరు మీద ఉందో వారి పేరు మీదే పాలసీ ఉండాలి. ఇళ్ల స్థలాల పట్టాలు మన ఇళ్లలో ఎక్కువగా అమ్మ పేరు మీదో, అక్క పేరు మీదో ఉంటాయి. ఉద్యోగం చేసే కొడుకు ప్రీమియం తాను కడుతున్నాడు కాబట్టి తన పేరే రాయించుకుంటాడు. క్లెయిమ్ వచ్చినప్పుడు "ఈ ఇంటితో మీకేం సంబంధం?" అన్న ప్రశ్న వస్తుంది. ప్రీమియం ఎవరైనా కట్టవచ్చు, పేరు మాత్రం యజమానిదే ఉండాలి. తాతగారి పేరు మీదే ఉండిపోయి పంపకాలు కాని ఇల్లయితే వారసులందరి సంగతి కంపెనీకి రాసి చెప్పి, వారి జవాబు రాతలోనే తీసుకోవాలి. అద్దెకు ఉండేవారు కట్టడానికి కాకుండా తమ సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు.

గోడలు మట్టివా, సిమెంటువా, పైకప్పు స్లాబా, రేకులా, తాటాకా అన్నది ఉన్నదున్నట్టు రాయాలి. తాటాకు, వెదురు, టార్పాలిన్ కప్పిన ఇళ్లను కంపెనీలు కచ్చా కట్టడాలుగా లెక్కిస్తాయి. పక్కా ఇల్లని రాసి తాటాకు ఇంటికి పాలసీ తెచ్చుకుంటే కట్టిన ప్రీమియం వృథా. ముందు గదిలో కిరాణా కొట్టో, కుట్టుమిషన్ల షాపో నడుపుతుంటే అదీ చెప్పాలి. పాలసీ తీసుకున్నాక మేడ మీద గది వేసి, ఉన్న విస్తీర్ణం 10 శాతానికి మించి పెరిగితే కంపెనీకి తెలిపి అదనపు ప్రీమియం కట్టాలి. లేకపోతే ఆ పెరిగిన భాగానికి రక్షణ ఉండదు. కుటుంబమంతా పనికోసం వలస వెళ్లి నెలల తరబడి ఇల్లు తాళం వేసి ఉంచేవారు ఇంకో మాట అడగాలి. వరుసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోతుందనే షరతు పాత అగ్ని బీమా పాలసీల్లో ఉండేది. మీ పాలసీలో ఉందా అని అడిగి, వెళ్లేముందు ఒక ఉత్తరం ముక్క రాసి రసీదు దాచుకోండి.

గృహ రుణం తీసుకున్నవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. బ్యాంకులో "బీమా కూడా చేసేశాం సార్" అంటారు. అది ఇంటికి చేసిందా, అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిందా అడగండి. రెండో రకం పాలసీ ఉంటే మీరు చనిపోయినప్పుడు అప్పు తీరుతుంది, వరదలో ఇల్లు పోతే పైసా రాదు. ఇంటికే చేసినా అప్పు మొత్తానికే చేసి ఉండవచ్చు. ఫలానా కంపెనీ పాలసీయే కొనాలని బలవంతపెట్టే హక్కు బ్యాంకుకు లేదు.

కంపెనీని తూచడం

షరతులు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ? క్లెయిమ్ చూసే తీరులో. ప్రకటనల్లో "98 శాతం క్లెయిములు చెల్లించాం" అని ఉంటుంది. ఆ అంకెను మేము ఒక పట్టాన నమ్మం. 4 లక్షలు అడిగినవారికి 50 వేలు ఇచ్చినా అది "చెల్లించిన క్లెయిమ్" కిందే లెక్క. పైగా అందులో వాహనాల క్లెయిములు కలిసి ఉండవచ్చు. ఇంకో అంకె ఉంది, ప్రీమియంగా వచ్చిన ప్రతి 100 రూపాయల్లో క్లెయిముల కింద ఎంత పోయిందన్నది. ఒక తుపాను సంవత్సరంలో అది ఎగిరిపడుతుంది. ఇళ్లు, ఫ్యాక్టరీలు అన్నీ అగ్ని బీమా కిందే లెక్కిస్తారు కాబట్టి అది మన ఇంటి సంగతి సూటిగా చెప్పదు. వరుసగా నాలుగైదేళ్లు బాగా తక్కువగా ఉంటే మాత్రం అనుమానించాలి.

అంతకంటే పనికొచ్చేవి ప్రతి కంపెనీ తన వెబ్‌సైటులో "పబ్లిక్ డిస్‌క్లోజర్స్" అనే చోట విధిగా పెట్టే పట్టికలు. ఎన్‌ఎల్-37లో విభాగాల వారీగా ఎన్ని క్లెయిములు వచ్చాయి, ఎన్ని తీర్చారు, ఎన్ని తిరస్కరించారు అని ఉంటుంది. అగ్ని బీమా వరుస చూడండి. ఎన్‌ఎల్-39లో క్లెయిములు తీర్చడానికి ఎన్నాళ్లు పట్టిందో ఉంటుంది. ఎన్‌ఎల్-45లో వచ్చిన ఫిర్యాదులు ఉంటాయి. డిగ్రీ చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు సెల్‌ఫోనులో అరగంటలో మూడు కంపెనీల పట్టికలు తీసి పక్కపక్కన రాయగలరు. ఇంట్లో పెద్దవారికి ఈ సాయం చేయండి. తర్వాత మన జిల్లాలో ఆ కంపెనీకి ఆఫీసు ఉందా, మన ఊరి చుట్టుపక్కల వరదలో, అగ్నిప్రమాదంలో నష్టపోయినవారికి ఎంత అడిగితే ఎంత ఇచ్చారు, ఎన్ని నెలలకు ఇచ్చారు అని విచారించండి. ప్రీమియంలో రెండు మూడు వందల తేడా కోసం ఈ విచారణ మానేయడం మంచిది కాదు.

నష్టం జరిగాక

నీళ్లు తీసిన వెంటనే ఇల్లు కడిగేయాలనిపిస్తుంది. మన ఆడవాళ్లు బురదను ఒక్క పూట కూడా ఉండనివ్వరు. కానీ ముందు ఫొటోలు తీయాలి. గోడ మీద నీటి మట్టం గీత, తడిసిన బీరువా, ఫ్రిజ్ వెనుక ఉండే నంబరు ప్లేటు, అన్నీ. పాడైన సామాను సర్వేయర్ చూసేదాకా పారేయవద్దు, పాత ఇనుపవాడికి అమ్మవద్దు. కంపెనీకి వెంటనే ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. నష్టం గమనించిన 30 రోజుల్లోపు క్లెయిమ్ ఫారం అందాలి. అగ్నిప్రమాదమైతే ఫైర్ స్టేషను నివేదిక, అవసరమైతే పోలీసు కాగితం తీసుకోవాలి. పాలసీ, కొనుగోలు బిల్లులు ఇంట్లోనే ఉంటే అవీ నీళ్ల పాలవుతాయి. ఫొటో తీసి ఒక బంధువు ఫోనుకు పంపి ఉంచండి.

2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం నష్టం తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. పాలసీ ఇచ్చేటప్పుడే అడగవలసిన కాగితాలు లేవనే కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. సర్వేయర్ నివేదిక నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి, ఎక్కడ ఎంత కోత పెట్టారో అందులోనే తెలుస్తుంది.

డబ్బు ఇచ్చేముందు "పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరించాను" అనే వోచరు మీద సంతకం అడుగుతారు. ఇంట్లో పొయ్యి వెలగని రోజున ఎవరైనా సంతకం పెడతారు. అలా సంతకం పెట్టినంత మాత్రాన ఎక్కువ పరిహారం కోసం పోరాడే హక్కును అడ్డుకోకూడదని ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబరులోనే కంపెనీలకు చెప్పింది. అయినా "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని ఒక ముక్క రాయడం, అదే రోజున కంపెనీకి ఉత్తరం పంపడం మంచిది.

తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వమనండి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ వారి ఉచిత ఫోను నంబరు 155255లో కూడా నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వారికి ఈ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం కుదరదు, మన మాట మనమే చెప్పుకోవాలి. ఈ నియమం మనలాంటి వారికి అనుకూలమే. 2023 నవంబరులో చేసిన సవరణతో 50 లక్షల రూపాయల వరకు తీర్పు ఇచ్చే అధికారం వారికి ఉంది. ఆ తీర్పు కంపెనీ పాటించి తీరాలి. మనకు నచ్చకపోతే మనం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ రెండేళ్ల గడువు ఉంది. మనం కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు కాబట్టి అక్కడా ఫీజు ఉండదు.

ఫిర్యాదు ఇంగ్లీషులోనే ఉండాలని భయపడి మానేసేవారు ఉన్నారు. తేదీలు వరుసగా వేసి, ఏ రోజు ఏం జరిగింది, ఎంత అడిగాం, ఎంత ఇచ్చారు, ఏ కారణం చెప్పారు అని ఒక పేజీలో తెలుగులో రాసుకోండి. దాన్ని ఇంగ్లీషులో రాసి పెట్టడానికి మన పూర్వ విద్యార్థుల్లో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, వకీళ్లు చాలామందిమి ఉన్నాం. హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పాలసీ కాగితం వెంట తెచ్చుకుంటే భోజనాల తర్వాత చెట్టు కింద కూర్చుని మినహాయింపుల పేజీ కలిసి చదువుదాం.